మరక ఎక్కడిదో తేలాకే తెలుపు

పళ్లు తెల్లబరుచుకోవాలన్న కోరిక ఊరూరా ఒకటే. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో మాత్రం ఆ కోరికతో వచ్చేవాళ్ల నోట్లో ఊరి నీళ్లూ, ఊరి అలవాట్లూ కనిపిస్తాయి. డాక్టరు దగ్గర చేయించుకున్నా ఇంట్లో చేసుకున్నా, ముందుగా తెలుసుకోవాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి.

పెళ్లిళ్ల కాలం దగ్గరపడిందంటే పళ్ల డాక్టర్ల దగ్గరికి ఒకే కోరికతో వచ్చేవాళ్లు పెరుగుతారు. ఫొటోల్లో నవ్వు బాగా పడాలి, పళ్లు తెల్లగా మెరవాలి. పెళ్లికూతురు వస్తుంది, పెళ్లికొడుకు వస్తాడు, ఈమధ్య వాళ్ల తల్లులూ వస్తున్నారు. ఇందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. నోరు విప్పి నవ్వడానికి సిగ్గుపడే మనిషికి ఆ సిగ్గు ఎంత బరువో పక్కవాళ్లకు తెలియదు. అరచేయి అడ్డంపెట్టుకుని నవ్వే ఆడపిల్లలు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. అది వయ్యారమని అనుకుంటాం. చాలామందికి అది పళ్లు దాచుకునే తంటా.

చంద్రపూర్ తెలుగువాళ్లకు పరాయి ఊరు కాదు. ఒకప్పటి చాందా ఇదే. గోండు రాజుల కోట, మహాకాళి గుడి ఉన్న పట్నం. చైత్రమాసంలో మహాకాళి జాతరకు తెలంగాణ పల్లెల నుంచి జనం తరలివెళ్తారు. పక్కనే బల్లార్‌పూర్ కాగితం మిల్లు, చుట్టూ బొగ్గు గనులు. అక్కడ పనికి వెళ్లి స్థిరపడిన కరీంనగర్, ఆదిలాబాద్ కుటుంబాల్లో ఇప్పుడు మూడో తరం నడుస్తోంది. రాజూరా తాలూకా అయితే 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. వార్ధా, ప్రాణహిత నదులకు అటూ ఇటూ నేల ఒకటే. అందుకే నేల ఇచ్చే జబ్బులూ ఒకటే.

ఆ నేల సంగతికి వచ్చేముందు పన్ను సంగతి చూడాలి.

పంటిపైన కనిపించే మెరుపు పొర ఎనామిల్. మన ఒంట్లో దానికన్నా గట్టి పదార్థం లేదు. బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. అది కొంచెం పారదర్శకంగా ఉంటుంది. దాని కింద ఉండే డెంటిన్ సహజంగానే లేత పసుపు. అంటే ఆరోగ్యమైన పన్ను సున్నం కొట్టిన గోడలా ఉండదు, పాలమీగడ రంగులో ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ పైపొర అరిగి, లోపలి పొర మందమై, పసుపు ఇంకా పైకి కనిపిస్తుంది. సినిమా తెరమీద, సెల్‌ఫోన్ ఫిల్టర్లలో చూసే తెలుపుతో పోల్చుకుని తన పళ్లు పాడైపోయాయనుకునే కుర్రకారుకు ముందు చెప్పాల్సిన మాట ఇదే. చాలామందికి అసలు జబ్బే లేదు.

ఇక నిజంగా మరకలున్నవాళ్ల సంగతి. మరకలు రెండు జాతులు. బయటినుంచి పంటికి అంటుకునేవి కొన్ని. టీ, కాఫీ, తమలపాకు, పొగాకు, వాటిని పట్టి ఉంచే గార ఈ కోవలోవి. పన్ను తయారయ్యేటప్పుడే లోపల ఏర్పడేవి మరికొన్ని. ఫ్లోరైడ్ మరకలు, చిన్నతనంలో టెట్రాసైక్లిన్ మందులు వాడినందువల్ల వచ్చే బూడిదరంగు చారలు, దెబ్బతగిలి లోపలి నరం చచ్చిపోయి నల్లబడ్డ పన్ను ఈ కోవలోవి. మొదటిరకం శుభ్రం చేస్తే పోతుంది. రెండోరకం శుభ్రం చేస్తే పోదు. చంద్రపూర్‌లో రెండూ ఒకే నోట్లో కనబడడం మామూలే. ఏది ఏదో తేల్చకుండా జెల్ పూసేస్తే డబ్బు పోతుంది, మరక ఉంటుంది.

గని ఊళ్లలో చాలామంది నెపం బొగ్గు మీదికి నెడతారు. బొగ్గు ధూళి ఊపిరితిత్తులకు చేసే చేటు పెద్దది, దాని మీద గట్టిగా మాట్లాడాల్సిందే. పళ్ల మీది గోధుమరంగు మచ్చలకు మాత్రం అది కారణం కాదు.

ఖర్రా రుద్దే చేతులు

విదర్భలో పాన్ డబ్బా ముందు ఒక్క నిమిషం నిలబడితే చాలు, ఖర్రా అంటే ఏమిటో అర్థమవుతుంది. ముక్కలు చేసిన వక్కలు, పొగాకు, తడి సున్నం పాలిథీన్ కాగితంలో పోసి, మడిచి, డబ్బావాడు అరచేతి మడమతో గట్టిగా రుద్దుతాడు. వక్క పొడి తేలి, సున్నం పట్టి, పొగాకు తడిసి గోధుమరంగు ముద్ద తయారవుతుంది. ఆ పొట్లం జేబులోకి వెళ్తుంది. అందులోంచి చిటికెడు దవడ సందున చేరుతుంది, గంటలతరబడి అక్కడే నానుతుంది. షిఫ్టులో నిద్ర ఆపుకోవడానికని గని కార్మికుడు వేసుకుంటాడు, డ్రైవరు వేసుకుంటాడు, పదో తరగతి కుర్రాడూ వేసుకుంటాడు. ఇంటికి వచ్చిన చుట్టానికి మర్యాదగా పొట్లం చాపే ఇళ్లూ ఉన్నాయి.

మహారాష్ట్ర 2012లో గుట్కాను నిషేధించింది. ఆ తర్వాత ఖర్రా, మావా లాంటి కలుపులనూ ఆ నిషేధంలోకి తెచ్చింది. అయినా 2016-17 జాతీయ పొగాకు సర్వేలో రాష్ట్రంలోని పెద్దవాళ్లలో నూటికి 24 మంది పైగా నమిలే పొగాకు వాడుతున్నట్టు తేలింది. పొగ తాగేవాళ్లు నూటికి నలుగురు కూడా లేరు. పొరుగున గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతుల ‘సెర్చ్’ సంస్థ, ప్రభుత్వం, టాటా ట్రస్ట్స్ కలిసి మద్యం, పొగాకు మీద ‘ముక్తిపథ్’ అనే కార్యక్రమమే నడపాల్సి వచ్చింది. సమస్య ఎంత లోతుకు దిగిందో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఖర్రా నమిలే నోట్లో పళ్లు ముదురు గోధుమరంగు నుంచి నలుపుకు తిరుగుతాయి. పళ్ల వెనకవైపు, సందుల్లో, చిగుళ్ల అంచున మరక పేరుకుంటుంది. దీనికి తెల్లబరిచే జెల్ అక్కర్లేదు. అల్ట్రాసోనిక్ స్కేలర్‌తో గార తీసి, పాలిష్ చేస్తే చాలావరకు పోతుంది. అలవాటు మానకపోతే తిరిగి వస్తుంది. ఇక్కడిదాకా ఇది అందం లెక్క.

అసలు ప్రమాదం మరకలో లేదు, చెంప లోపల ఉంది. వక్క లోపలి పొరను గట్టిపరుస్తుంది. బుగ్గలు మెత్తదనం పోయి తోలులా బిగుసుకుంటాయి, కారం తగిలితే మంట, నోరు తెరుచుకోవడం రోజురోజుకీ తగ్గిపోతుంది. దీన్ని డాక్టర్లు సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. ఇది కేన్సర్‌కు దారితీయగల స్థితి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన విభాగం 2004లోనే వక్కను, పొగాకు లేకుండా ఒట్టి వక్కనే, కేన్సర్ కారకాల మొదటి జాబితాలో పెట్టింది. పొగాకు లేని సుపారీ కదా అని పిల్లల చేతికిచ్చే పెద్దవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇంట్లో ఎవరైనా చేసుకోగల పరీక్ష ఒకటుంది. మీ చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు మూడూ ఒకదానిమీద ఒకటి నిలువుగా పేర్చి, పైపళ్లకూ కిందిపళ్లకూ మధ్య పెట్టి చూడండి. మూడు వేళ్లు పట్టకపోతే తెల్లబరిచే మాట పక్కనపెట్టి వెంటనే డాక్టరుకు చూపించాలి. నోరు సరిగా తెరుచుకోని మనిషి పళ్లు తెల్లగా చేసి పంపిన వైద్యం వైద్యం కాదు. పళ్ల రంగు కోసం వచ్చిన మనిషి నోట్లో తెల్లమచ్చో ఎర్రమచ్చో మానని పుండో తొలిదశలో కంటపడడం ఎంత మేలో చెప్పలేం. ఈ ఒక్క కారణానికే, ఈ ప్రాంతంలో తెల్లబరిచే పని పళ్ల డాక్టరు కుర్చీలోనే మొదలవ్వాలంటాను.

నీళ్లు రాసిన మరక

రెండో కథ నీళ్లది. చంద్రపూర్ పట్నానికి ఇరయి నది ఆనకట్ట నీళ్లు వస్తాయి. పల్లెలకు బోర్లే దిక్కు. వరోరా లాంటి తాలూకాల్లో కొన్ని ఊళ్ల బోరునీటిలో ఫ్లోరైడ్ హద్దుమీరి ఉంది. ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు, ఫ్లోరోసిస్ నివారణకు కేంద్రం 2008-09లో మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమం ఈ జిల్లాకూ వచ్చింది. ఆ కార్యక్రమం తొలి విడత జిల్లాల్లో మన నెల్లూరు ఒకటి.

నెల్లూరు పేరు రావడం యాదృచ్ఛికం కాదు. దేశంలో ఈ జబ్బును వైద్యలోకం ముందుగా గుర్తించింది తెలుగునేల మీదే. 1937లో షార్ట్ అనే వైద్యుడూ, ఆయన సహచరులూ అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరైడ్ చేసిన చేటును వివరిస్తూ పత్రం రాశారు. దానికి ఆరేళ్ల ముందే అమెరికాలో చిక్కుముడి వీడింది. కొలరాడోలో పుట్టి పెరిగిన పిల్లల పళ్ల మీద గోధుమరంగు మరకలు ఎందుకొస్తున్నాయని ఫ్రెడరిక్ మెకే అనే పళ్ల డాక్టరు 1901 నుంచి తలబద్దలు కొట్టుకున్నాడు. 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త నీళ్లను పరీక్షించి ఫ్లోరైడ్ అని తేల్చాడు. ఆ తర్వాత మన దగ్గర నల్లగొండ పేరు దేశమంతా తెలిసిపోయింది. పటిక, సున్నంతో నీటిలో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని ‘నీరి’ ప్రయోగశాల తయారుచేసి, దానికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరే పెట్టింది. చంద్రపూర్‌కు మూడు గంటల దూరంలోని ప్రయోగశాల మన జిల్లా పేరు మోస్తున్న పద్ధతిని ప్రపంచానికిచ్చింది. అయినా ఆ రెంటి మధ్యలో ఉన్న పల్లెల్లో పిల్లల పళ్లు ఇంకా మచ్చలతో వస్తుంటే మనసు కలుక్కుమంటుంది.

ఫ్లోరైడ్ చేసే పని చిత్రమైనది. తక్కువ మోతాదులో పళ్లకు బలం. ఎక్కువైతే, అదీ పన్ను తయారయ్యే వయసులో ఎక్కువైతే, ఎనామిల్ గట్టిపడాల్సిన తీరులో గట్టిపడదు. పైకి మామూలుగానే ఉన్నా పొర అడుగున సన్నటి రంధ్రాలు మిగిలిపోతాయి. వెలుగు వాటిలో చెదిరి సుద్దలాంటి తెల్లమచ్చ కనిపిస్తుంది. పన్ను బయటికి వచ్చాక టీ, పులుసు, పసుపు రంగులన్నీ ఆ రంధ్రాల్లోకి ఇంకి గోధుమరంగు మరకలవుతాయి. ముందరి పళ్ల ఎనామిల్ పుట్టిన కొన్ని నెలల నుంచి నాలుగైదేళ్ల వయసులోపే తయారైపోతుంది. జ్ఞానదంతాలు తప్ప తక్కినవన్నీ ఎనిమిదేళ్లకల్లా పూర్తవుతాయి. అంటే ఇరవై ఏళ్ల అమ్మాయి అద్దంలో చూసి బాధపడే మచ్చ, ఆమె ఉయ్యాలలో ఉన్ననాటి నీళ్లది. ఆమె సరిగా తోముకోకపోవడం వల్ల వచ్చింది కాదు. ఈ మాట పెద్దవాళ్లు పిల్లలకు చెప్పాలి. ‘పళ్లు తోమవు కాబట్టే ఇలా’ అని ఏళ్లతరబడి మాటలు పడ్డ పిల్లలున్నారు.

చంద్రపూర్ ఎండ ఈ లెక్కను ఇంకా కష్టం చేస్తుంది. దేశంలోకెల్లా వేడి ఊళ్లలో ఇదొకటి, మే నెలలో 47 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. ఎండ ఎక్కువైతే నీళ్లు ఎక్కువ తాగుతాం. నీటిలో ఫ్లోరైడ్ మోతాదు అదే ఉన్నా ఒంట్లోకి వెళ్లేది పెరుగుతుంది. చలిదేశపు పిల్లవాడికి పర్వాలేదనిపించే నీళ్లు ఇక్కడి పిల్లవాడికి ఎక్కువవుతాయి. మన దేశ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే ఆధారం లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. వేడి ఊళ్లలో ఆ మినహాయింపును వాడుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. నీళ్లు మరిగిస్తే పోదు. పైగా కొంత నీరు ఆవిరై మోతాదు పెరుగుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టరుకూ చిక్కదు. పరీక్ష ఒక్కటే దాన్ని పట్టిస్తుంది.

డాక్టరు కుర్చీలో జరిగేది

ఇప్పుడు తెల్లబరిచే పని. మంచి డాక్టరు మొదటిరోజే జెల్ పూయడు. పిప్పిపళ్లు, చిగుళ్ల వాపు, విరిగిన అంచులు చూస్తాడు, అవసరమైతే ఎక్స్‌రే తీస్తాడు. గార తీసి పాలిష్ చేస్తాడు. మీ పంటి రంగును షేడ్ గైడ్‌తో పోల్చి రాసుకుంటాడు. అందులో వరసగా పదహారు పింగాణీ పళ్లుంటాయి. వాటిలో మీది ఏదో చూసి గుర్తుపెట్టుకుంటే, తర్వాత ఎంత తేడా వచ్చిందో మీకే తెలుస్తుంది. శుభ్రం చేశాక ‘ఇది చాలు డాక్టరుగారూ’ అని లేచిపోయేవాళ్లు చాలామంది. ఆ మాట విని సంతోషంగా పంపే డాక్టరు దొరికితే వదులుకోకండి.

జెల్‌లో పనిచేసేది హైడ్రోజన్ పెరాక్సైడ్. అది ఎనామిల్ గుండా దూరి లోపలి డెంటిన్ దాకా వెళ్తుంది, రంగునిచ్చే అణువులను ఆక్సీకరణతో విరగ్గొడుతుంది. అంటే పైపూత కాదు, లోపల జరిగే రసాయన చర్య. కుర్చీలో వాడే జెల్ గాఢత 25 నుంచి 40 శాతం దాకా ఉంటుంది. అందుకే ముందు పెదాలను, బుగ్గలను ప్లాస్టిక్ చట్రంతో పక్కకు లాగి ఉంచుతారు. చిగుళ్ల అంచున వెలుగుతో గట్టిపడే రెసిన్‌ను వరసగా గట్టులా వేస్తారు. ఆ గట్టు దాటి జెల్ చిగురుకు తగిలితే అక్కడ తెల్లగా కాలుతుంది. జెల్ పూసి పావుగంటో ఇరవై నిమిషాలో ఉంచి, పీల్చేసి, మళ్లీ పూస్తారు. ఇలా రెండు మూడు సార్లు. నీలిరంగు లైటు పెట్టే క్లినిక్‌లున్నాయి. లైటు లేకుండా చేసినదానికన్నా అది నిలకడగా మెరుగైన ఫలితమిస్తుందని పరిశోధనలు తేల్చలేదు. లైటు పేరుతో ఎక్కువ తీసుకుంటుంటే అడగండి.

కుర్చీలోంచి లేచేసరికి కనిపించే తెలుపు పూర్తిగా నిలవదు. గంటసేపు నోరు తెరిచి ఉంచడంవల్ల పళ్లు ఎండిపోయి ఇంకా తెల్లగా అనిపిస్తాయి. తడి చేరాక రంగు కొంత దిగి, వారం రెండు వారాల్లో అసలు రంగు స్థిరపడుతుంది. ఆ రాత్రి పళ్లు జివ్వుమనడం మామూలే. పెరాక్సైడ్ నరం దాకా చేరడం వల్ల అది వస్తుంది, రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు వాడితే ఉపశమనం.

ఇంట్లో చేసుకునే పద్ధతి ఇంతకన్నా కొత్తది, నెమ్మదైనది, నా దృష్టిలో చాలామందికి ఇదే మేలు. దాని పుట్టుక ఆసక్తికరం. 1960ల చివర్లో అమెరికాలోని ఆర్కాన్సాస్‌లో క్లూస్మియర్ అనే డాక్టరు వాచిన చిగుళ్ల కోసం కార్బమైడ్ పెరాక్సైడ్ మందును రాత్రిపూట ట్రేలో పెట్టుకోమని పేషెంట్లకు చెప్పాడు. చిగుళ్లు బాగుపడ్డాయి, పళ్లూ తెల్లబడ్డాయి. 1989లో హేవుడ్, హేమన్ అనే ఇద్దరు ఈ పద్ధతిని వైద్య పత్రికలో ప్రచురించాక ప్రపంచమంతా పాకింది.

ఇందులో ముఖ్యమైనది ట్రే. డాక్టరు మీ పళ్ల అచ్చు తీసుకుంటాడు. చల్లటి గులాబీరంగు ముద్దను నోట్లో పెట్టి రెండు మూడు నిమిషాలు కదలొద్దంటాడు. ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి మీ పళ్ల నమూనా చేస్తారు. పల్చటి ప్లాస్టిక్ రేకును వేడిచేసి, గాలి పీల్చే యంత్రంతో ఆ నమూనా మీదికి లాగి, చిగురు అంచువెంట కత్తెరతో కత్తిరిస్తారు. ఒక్కో పన్ను ముందువైపు బియ్యపుగింజంత జెల్ వేసి, ట్రే తొడిగి, పొంగినదాన్ని వేలితో తుడిచేసి పడుకోవాలి. పది శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ అంటే అందులో పనిచేసే హైడ్రోజన్ పెరాక్సైడ్ సుమారు మూడున్నర శాతమే. మామూలు పసుపు రెండు వారాల్లో దిగుతుంది. టెట్రాసైక్లిన్ మరకలకు నెలలు పడుతుంది. జివ్వుమంటే ఒకరోజు మానేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు, పగ్గాలు మన చేతిలోనే ఉంటాయి. అంగట్లో దొరికే అందరికీ ఒకే కొలత ట్రేలలో ఈ వెసులుబాటు లేదు. అవి సరిగా అతకవు, జెల్ చిగుళ్ల మీదికి, గొంతులోకి జారుతుంది.

కిరీటాలు, సిమెంటు నింపిన పళ్లు, కట్టుడు పళ్లు తెల్లబడవు. పక్క పళ్లు తెల్లబడి ఇవి పాత రంగులోనే ఉండిపోతే ముందుకన్నా వికారం. కొత్తగా ఫిల్లింగ్ పెట్టించుకోవాలనుకుంటే తెల్లబరిచాక రెండు వారాలు ఆగాలి. లోపల మిగిలిన ఆక్సిజన్ వల్ల రెసిన్ గట్టిగా పట్టుకోదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాయిదా వేసుకోవాలి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు వద్దు. యూరప్‌లో 2012 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం 0.1 శాతం దాటిన పెరాక్సైడ్ జెల్‌ను నేరుగా జనానికి అమ్మకూడదు. ఆరు శాతం దాకా ఉన్నవాటికి మొదటి దఫా డాక్టరే దగ్గరుండాలి. మన దగ్గర ఆన్‌లైన్‌లో ఏ గాఢతో రాసి లేని పెన్నులు, స్ట్రిప్పులు గుమ్మం ముందుకు వచ్చేస్తున్నాయి. అలాంటి గట్టి నిబంధన ఇక్కడా రావాలి.

బ్యూటీ పార్లర్లలో చేసేవాటి గురించి ఒక్క మాట. దంతవైద్యుల చట్టం 1948లోనే వచ్చింది. నమోదు లేనివాళ్లు పళ్ల వైద్యం చేయకూడదు. పళ్లు తెల్లబరచడం వైద్యమేనని 2013లో బ్రిటన్ హైకోర్టు తేల్చి చెప్పింది. ఫేషియల్ చేసే చేత్తో ఈ జెల్ పూయించుకోకండి.

ఫ్లోరైడ్ పళ్లకు వేరే దారి

బోరునీటి మచ్చలున్నవాళ్లు మామూలు వైటెనింగ్‌తో ఆశపడి నిరాశపడతారు. పెరాక్సైడ్ తెల్లమచ్చను తీసేయదు. మొదట కొన్నాళ్లు మచ్చ ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది కూడా. చుట్టూ ఉన్న పన్ను తెల్లబడ్డాక తేడా తగ్గి కలిసిపోతుంది, అంతే. గోధుమరంగు మచ్చలకు మైక్రోఅబ్రేషన్ అనే పద్ధతి బాగా పనిచేస్తుంది. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన మెత్తటి రాపిడి ముద్దతో పైపొరను తలవెంట్రుక మందంకన్నా కొంచెం ఎక్కువ లోతుకు మాత్రమే తీసేస్తారు. మచ్చ అంతకన్నా లోతుగా లేకపోతే ఒకటి రెండు సిట్టింగుల్లో కనుమరుగవుతుంది. తెల్లమచ్చలకు రెసిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ అనేది 2009 నుంచి వాడుకలో ఉంది. ఆ సన్నటి రంధ్రాల్లోకి పల్చటి రెసిన్‌ను ఇంకిస్తే వెలుగు చెదరడం ఆగి మచ్చ మాయమవుతుంది. ఎనామిల్ గుంటలు పడి రాలుతున్న పళ్లకు కాంపోజిట్ పూతో వెనీరో కావాలి. వీటన్నింటినీ వరసగా, తేలికైనదానితో మొదలుపెట్టి చేసే డాక్టరును ఎంచుకోవాలి. ఇరవై ఏళ్ల పిల్లకు మొదటి మాటలోనే పళ్లు అరగదీసి కిరీటాలు వేద్దామనేవాళ్ల దగ్గర ఇంకో అభిప్రాయం తీసుకోకుండా ఒప్పుకోవద్దు. అరగదీసిన ఎనామిల్ మళ్లీ పుట్టదు. దాన్ని తయారుచేసే కణాలు పన్ను బయటికొచ్చేనాటికే నశించిపోతాయి.

ఖర్చు వేలల్లో ఉంటుంది. కూలికి వెళ్లే కుటుంబానికి అది చిన్నమాట కాదు. నాగపూర్ ప్రభుత్వ దంత వైద్య కళాశాల, వార్ధా దగ్గర సావంగీ దంత కళాశాల, ఇటు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంత ఆసుపత్రి లాంటి బోధనాసుపత్రుల్లో ప్రైవేటు క్లినిక్‌ల కన్నా తక్కువకు వైద్యం దొరుకుతుంది. ముందు అక్కడికి వెళ్లి మచ్చ ఏ రకమో తేల్చుకున్నా సగం పని అయినట్టే. ఫ్లోరోసిస్ ఊళ్ల పిల్లల ముందరి పళ్లకు మైక్రోఅబ్రేషన్ ఉచితంగా చేసే శిబిరాలు ప్రభుత్వం పెట్టాలి. ఇందుకు పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. నీళ్లిచ్చే బాధ్యతలో విఫలమైన వ్యవస్థ ఆ నీళ్లు వదిలిన మచ్చను తీసే బాధ్యతా తీసుకోవాలి.

చిట్కాల మాటకొస్తే, నిమ్మరసం, ఉప్పు కలిపి రుద్దడం అన్నిటికన్నా చెడ్డది. ఆమ్లతను కొలిచే పీహెచ్ నోట్లో 5.5 కన్నా దిగితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ రెండు దరిదాపుల్లో ఉంటుంది. కరిగిన పొరను ఉప్పుతో గీకితే కింది పసుపు ఇంకా బయటపడుతుంది, తెల్లబడాలని చేసిన పనికి పళ్లు పచ్చబడతాయి. బొగ్గుపొడి, ఇటుకపొడి, గరుకు ఎర్ర పళ్లపొడులు అదే దారి. నల్లటి చార్‌కోల్ పేస్టులు ఇప్పుడు ఫ్యాషనయ్యాయి. వాటి మేలుకూ భద్రతకూ తగిన ఆధారాలు లేవని 2017లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది. ఊదారంగు పేస్టులు పసుపును కాసేపు కంటికి కనబడకుండా చేస్తాయి, అంతకుమించి ఏమీ లేదు. పొగాకు కలిపిన పళ్లపొడులు 1992లోనే నిషేధమయ్యాయి. మిశ్రీ పేరుతో కాల్చిన పొగాకు పొడితో పళ్లు తోముకునే అలవాటు మాత్రం మహారాష్ట్ర ఇళ్లలో ఇంకా పోలేదు. మీ ఇంట్లో అత్తగారో అమ్మమ్మో దానితో తోముకుంటుంటే అది మందు కాదు, పొగాకని నెమ్మదిగా చెప్పండి.

ఖర్రా మానాలనుకునేవాళ్లకు కేంద్ర ఆరోగ్యశాఖ ఉచిత ఫోను సాయం ఉంది, నంబరు 1800-11-2356. ఒక్కరోజులో మానడం కష్టమే, సాయం తీసుకోవడంలో నామోషీ లేదు.

చివరగా చంద్రపూర్, రాజూరా, వరోరా పల్లెల్లోనూ, ఇటు ఆదిలాబాద్, ఆసిఫాబాద్ పల్లెల్లోనూ ఎనిమిదేళ్లలోపు పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఈ వారంలోనే మీ పంచాయతీకి వెళ్లి, మీరు తాగే బోరునీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో పరీక్షించి చెప్పమని అడగండి. జల జీవన్ మిషన్ కింద ఊళ్లకు పరీక్ష కిట్లు ఇస్తున్నారు, జిల్లాలో ప్రయోగశాల ఉంటుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటితే ఆ నీళ్లు స్నానానికీ గిన్నెలకూ వాడుకోండి. పిల్లలు తాగడానికీ, వంటకూ మాత్రం నది నీళ్లో, వాననీళ్లో, ఆర్వో నీళ్లో తెచ్చుకోండి.